ఉగ్గుపాలు

పడవ రావడానికి ఇంకో గంట పడుతుంది.
డాక్టరమ్మ వద్దంటున్నా
మంచుపెట్టె రేవు దాకా నేనే మోసుకొచ్చాను.
లోపల ఒక గాజుగొట్టం, దాని మీద పేరు:
కుషిమా తొకుజో, అరవై మూడేళ్ళు.
ఆ పేరు మొట్టమొదట కాగితమ్మీద పెట్టిందీ నేనే,
బొడ్డు కోసి, చేతులు కడుక్కుని, తడివేళ్ళతో.

గోతో దీవుల మీద ఆ రాత్రి తుఫాను.
పిల్లాడు రొమ్ము పట్టడు. వాళ్ళమ్మ ఇసొయొ ఒకటే ఏడుపు.
బుగ్గ నొక్కి, పెదవి విప్పి
పట్టించాను.
గుటక పడిన చప్పుడుకి
గెలిచాననుకున్నాను.

ఆ గుటకలోనో,
ఏడాదిన్నర తాగిన వేల గుటకల్లో ఏ ఒక్కదానిలోనో
దిగింది అది.
ప్రాణముందంటే ఉంది, లేదంటే లేదు.
తిండి అడగదు, గూడు కట్టదు.
కణం ఇంట్లోకి చుట్టంలా వచ్చి
కుటుంబ రిజిస్టరు తెరిచి
ఎవరూ చూడకుండా నడుమ పేజీలో
తన పేరు రాసుకుంటుంది.
ఇక ఆ ఇల్లు రెండయినా, నాలుగయినా
ప్రతి నకలులోనూ ఆ పేరుంటుంది.
ఎలా కొట్టేస్తాం? దస్తూరీ మనదే.

ఇసొయొ తొంభై ఒకటి దాకా బతికింది,
తీగ మీద స్క్విడ్‌లు ఆరేస్తూ, నన్ను తిడుతూ.
ఆమెను అది ఏమీ అనలేదు.
చాలామందిని ఏమీ అనదు.
ఏ ఇరవైమందిలోనో ఒకరి దగ్గర
యాభై, అరవై ఏళ్ళు కూర్చుని, లేస్తుంది.
ఆ ఒక్కరూ వీడే ఎందుకు?
"ఒక్క పేరుతో అయిపోదు బామ్మా,
ఆపైన ఇంకా చాలా తప్పులు పడాలి" అంది డాక్టరమ్మ.
తప్పులు. ఎవరివి అని నేను అడగలేదు.

నిన్న మైక్రోస్కోపులో చూపించింది.
గుండ్రంగా ఉండాల్సిన కణం నడిబొడ్డు
రేకులు రేకులుగా విచ్చుకుని ఉంది.
పువ్వు కణం అంటారట.
ఎవరు పెట్టారో ఆ పేరు, చేతులు రానివాడు కాదు.
మా దీవి నిండా త్సుబాకి పూలే;
రేకులు రాల్చవు, పువ్వు పువ్వంతా ఒక్కసారే తెగిపడుతుంది.
అందుకే వాటిని రోగి గదిలోకి తీసుకెళ్ళం.

పాలు తాగి రొమ్ము గుద్దినవాళ్ళను చూశాను.
పాలే గుద్దడం
ఇదే చూడటం.

నా నలభై ఎనిమిదో ఏట
నాగసాకి నుంచి ఉత్తరం వచ్చింది: గర్భిణుల రక్తం చూడండి,
ఉన్నవాళ్ళకు డబ్బాపాల సంగతి చెప్పండి.
ఇరవై ఏడేళ్ళు "తల్లిపాలు, తల్లిపాలు" అని గడపగడపా అరిచిన నోరు.
అదే గడపలకు వెళ్ళి, గొంతు తగ్గించి, వద్దన్నాను.
తొకుజో పెళ్ళాం రిన్నొ ఏమీ అనలేదు.
గోడవైపు తిరిగి
వంటింటి తొట్టిలోకి పిండేసింది.
నీళ్ళు వదిలి, తొట్టి రెండుసార్లు తోమింది.
"రాతిగుండె" అంది అత్త ఇసొయొ.
గదిలో పసిపిల్ల
రబ్బరు పీక ఉమ్మేస్తోంది.

నా ఇద్దరికీ నేను పాలిచ్చాను.
నా రక్తం చూపించుకోలేదు.
ఎందుకంటే నాకు తెలియదు. తెలుసు.

ఆ పసిపిల్లే ఇప్పుడు రేవు మెట్లు దిగి వస్తోంది:
మినాగి, ముప్పై ఆరేళ్ళు,
పడవల ఇంజన్లు బాగుచేసే చేతులు, గోళ్ళలో గ్రీసు.
దానికి లేదు. రెండుసార్లు చూశారు.
చిన్నప్పుడు నన్ను అడిగేది:
అమ్మ నాకెందుకు పాలివ్వలేదని.
ఏదో సర్దిచెప్పేదాన్ని.

పెట్టె నా చేతిలోంచి తీసుకుంది.
"బరువేం లేదే" అంది.
"లేదు" అన్నాను.
పడవ కూత వేసింది.
"నిటారుగా పట్టుకో" అన్నాను, అదొక్కటే తోచి.